అప్పెరుగని మనిషికి అప్పెందుకు పుట్టదు?

ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి, ఎవరి ముందూ చేయి చాచకుండా పిల్లల్ని చదివించి, ఉన్నదాంట్లో నాలుగు రాళ్లు వెనకేసుకున్న మనిషి బ్యాంకుకు వెళ్లి కారు లోను అడుగుతాడు. ‘మీకు సిబిల్ స్కోరే లేదండీ’ అంటారక్కడ. అదే బ్యాంకులో ఇంటి లోను, బండి లోను, క్రెడిట్ కార్డు మూడూ నడుస్తున్న కుర్రాడికి నాలుగో అప్పు అరగంటలో మంజూరవుతుంది. అప్పంటే భయపడి బతికినవాడి మీద అనుమానం, అప్పుల మధ్య తిరుగుతున్నవాడి మీద నమ్మకం. ఇదెక్కడి న్యాయమని మనసు అడ్డం తిరుగుతుంది.

ఇందులో ఒక తర్కం ఉంది. అది తెలిస్తే స్కోరు ఎందుకు పడిందో, పెరగాలంటే ఏం చేయాలో, ఏం చేసినా లాభం లేని పనులేవో అన్నీ విడివిడిగా కనిపిస్తాయి.

అప్పిచ్చేవాడికి తెలియనిదేమిటి?

ఊళ్లో కిరాణా కొట్టు శెట్టిగారి అరువు పుస్తకాన్ని గుర్తు చేసుకోండి. ఎవరికి ఎంత పొలం ఉందో అందులో ఉండదు. ఎవరు ఎప్పుడు సరుకు తీసుకెళ్లారు, ఎప్పుడు డబ్బు తెచ్చి ఇచ్చారు, ఇంతే. పది ఎకరాల ఆసామి సంక్రాంతి దాటినా బాకీ తీర్చకపోతే ఆయనకు అరువు తగ్గుతుంది. కూలి డబ్బు చేతికి రాగానే బాకీ కట్టే మనిషికి అడిగినంత అరువు దొరుకుతుంది. ఎప్పుడూ రొక్కం పెట్టి కొన్న మనిషి పేరు ఆ పుస్తకంలో ఉండనే ఉండదు. ఆయన మంచివాడా కాదా అన్నది వేరే సంగతి, శెట్టిగారి దగ్గర ఆయన గురించి ఆధారం లేదు. క్రెడిట్ రిపోర్టు దేశమంతటికీ కలిపి రాసిన అలాంటి పుస్తకం. స్కోరు దాని నుంచి తీసిన అంకె.

ఈ పుస్తకం లేకపోతే ఏమవుతుందో ఆర్థికశాస్త్రం బాగా లెక్కకట్టింది. 1970లో జార్జ్ అకెర్లాఫ్ రాసిన ఒక చిన్న వ్యాసం పాత కార్ల వ్యాపారంతో మొదలవుతుంది. అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియకపోతే మంచి సరుకు బజారు నుంచి తప్పుకుంటుందని అందులోని వాదన. అంతకు ముందే భారతదేశంలో కొంతకాలం గడిపిన అకెర్లాఫ్, మన పల్లెల్లో వడ్డీ వ్యాపారులు అంత అధిక వడ్డీ ఎలా గుంజగలుగుతున్నారన్న ప్రశ్ననూ అదే వ్యాసంలో చర్చించారు. ఎవరు తీరుస్తారో ఎవరు ఎగ్గొడతారో ఆ వ్యాపారికి తెలుసు, బయటివాడికి తెలియదు. ఆ తెలివిడి లేకుండా అప్పిచ్చినవాడు మునుగుతాడు, అందుకే పోటీకి ఎవరూ రారు. 1981లో జోసెఫ్ స్టిగ్లిట్జ్, ఆండ్రూ వైస్ ఇంకో అడుగు ముందుకు వేశారు. ఎవరు మంచివారో తెలియక బ్యాంకు అందరికీ వడ్డీ పెంచిందనుకోండి. నిజాయితీగా తీర్చాలనుకునేవారు ‘ఇంత వడ్డీ మనకెందుకు’ అని వెనక్కి పోతారు. తీర్చే ఉద్దేశం లేనివారికి వడ్డీ ఎంతైతేనేం! బ్యాంకు వడ్డీ పెంచేకొద్దీ దాని దగ్గర మిగిలేది మొండి బాకీదారులే. అకెర్లాఫ్‌కూ స్టిగ్లిట్జ్‌కూ మైకేల్ స్పెన్స్‌తో కలిపి 2001లో నోబెల్ వచ్చింది.

ఇది పుస్తకాల్లో చదివే సిద్ధాంతం మాత్రమే కాదు, తెలుగునాట కళ్లారా చూశాం. 2010 నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒకే ఇంటి తలుపు ఇద్దరు ముగ్గురు మైక్రోఫైనాన్స్ ఏజెంట్లు వేర్వేరు వారాల్లో తట్టేవారు. ఒక సంస్థ ఇచ్చిన అప్పు ఇంకో సంస్థకు తెలియదు. ఒకరి వాయిదా కట్టడానికి ఇంకొకరి దగ్గర తీసుకున్న కుటుంబాలు ఎన్నో. వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల మధ్య ఆ అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, వసూళ్లు కుప్పకూలాయి. రిజర్వ్ బ్యాంకు వేసిన మాలెగాం కమిటీ 2011 జనవరిలో నివేదిక ఇస్తూ, ఒక మనిషికి రెండు సంస్థలకు మించి అప్పు ఇవ్వకూడదనీ, అది అమలు కావాలంటే అప్పుల సమాచారం ఒకచోట చేరాలనీ చెప్పింది. అలా అప్పుల సమాచారం చేర్చి దాచే క్రెడిట్ బ్యూరో అనగానే బ్యాంకును కాపాడే యంత్రమని చాలామంది అనుకుంటారు. ఆ రోజుల్లో అలాంటి రికార్డు ఉండి ఉంటే ఆ కుటుంబాలకు మూడో అప్పు, నాలుగో అప్పు అంటగట్టడం అంత తేలికయ్యేది కాదు.

పూల కొలతల నుంచి

రికార్డు ఉంటే సరిపోదు. లక్షల మంది రికార్డులు చూసి ఎవరికి ఎంత నమ్మకం ఇవ్వాలో తేల్చాలి. ఆ విద్య పుట్టింది అప్పుల దగ్గర కాదు, పూల దగ్గర.

1936లో బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ ఐరిస్ పూలలో మూడు జాతులను తీసుకున్నారు. ఒక్కో జాతిలో 50 పూలకు నాలుగేసి కొలతలు ఉన్నాయి. రేకు పొడవు ఒక్కటే చూస్తే రెండు జాతులు కలిసిపోతున్నాయి. నాలుగు కొలతలనూ తగిన పాళ్లలో కలిపి ఒకే అంకెగా మారిస్తే తేడా స్పష్టంగా తేలుతోంది. ఏ కొలతకు ఎంత పాలు ఇవ్వాలో ఊహించనక్కర్లేదు, ముందే జాతి తెలిసిన పూలే ఆ సంగతి చెబుతాయి. మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తాలోని భారత గణాంక సంస్థ మీదుగా కేంబ్రిడ్జి చేరి ఫిషర్ దగ్గరే పరిశోధన చేసిన సి.ఆర్. రావు, 1948లో ఈ పద్ధతిని ఎన్ని వర్గాలున్నా విడదీయగలిగేలా విస్తరించారు. 2023లో 102 ఏళ్ల వయసులో కన్నుమూసిన ఆ మహానుభావుడి పేరు తెలుగువాళ్లం గర్వంగా చెప్పుకుంటాం. ఆయన పనికీ మన బ్యాంకు లోనుకూ చుట్టరికం ఉందన్నది మాత్రం తక్కువమందికి తెలుసు.

1941లో అమెరికాలో డేవిడ్ డ్యూరాండ్ పూల స్థానంలో అప్పులను పెట్టారు. తీరిన అప్పులు ఒక జాతి, తీరనివి ఇంకో జాతి. అప్పు తీసుకున్ననాటి వివరాల్లో ఏవి ఈ రెండిటినీ వేరుచేస్తున్నాయో చూశారు. 1956లో బిల్ ఫెయిర్, ఎర్ల్ ఐజాక్ దాన్ని వ్యాపారంగా మార్చారు. ఇవాళ మన బ్యూరోలు వాడే సూత్రాలు ఇంకా చిక్కటివే, మూలం మాత్రం ఇదే.

ఇక్కడ మనసులో గట్టిగా నాటుకోవాల్సిన మాట ఒకటుంది. స్కోరు మీ గురించి చెప్పే తీర్పు కాదు. మీ రికార్డు లాంటి రికార్డు ఉన్న వెయ్యి మందిని తీసుకుంటే అందులో ఎంతమంది త్వరలో వాయిదాలు ఎగ్గొట్టే అవకాశం ఉందో చెప్పే అంచనా. ఆ వెయ్యిమందిలో మీరు ఎవరో దానికి తెలియదు. జూదంలో పోగొట్టుకుని వాయిదా తప్పినవాడినీ, తల్లిని ఆస్పత్రిలో చేర్చి వాయిదా తప్పినవాడినీ అది ఒకే గాటన కడుతుంది. కారణం రాసే గడి ఆ లెక్కలో లేదు. ఇది ఈ పద్ధతిలో ఉన్న పెద్ద లోపమని నేను నమ్ముతాను. స్కోరు పడిపోయిందని తమను తాము నిజాయితీ లేనివారిగా లెక్కేసుకుని కుంగిపోయేవాళ్లు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

వివరణ: స్కోరు ఎవరిస్తారు?

మన దేశంలో నాలుగు సంస్థలకు రిజర్వ్ బ్యాంకు అనుమతి ఉంది: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్ఐఎఫ్ హైమార్క్. 2000లో మొదటగా వచ్చింది సిబిల్, అందుకే అన్నిటినీ ‘సిబిల్ స్కోరు’ అనేస్తాం. వీటిని నడిపించేది 2005 నాటి చట్టం. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. నాలుగు సంస్థల సూత్రాలు వేరు కాబట్టి నాలుగు అంకెలు వేరుగా వస్తాయి, కంగారు పడనక్కర్లేదు. స్కోరు ఎక్కడో రాసిపెట్టి ఉండదు, ఎవరైనా అడిగినప్పుడు అప్పటి రికార్డు నుంచి లెక్కకట్టి ఇస్తారు. మీ జీతం, బ్యాంకులో దాచిన డబ్బు, పొలం ఈ లెక్కలోకి రావు. చేబదుళ్లు, ప్రాంసరీ నోట్లు, చిట్టీలు కూడా మామూలుగా రావు. జీతం ఎంతో బ్యాంకు విడిగా చూసుకుంటుంది.

ముప్పై ఆరు గడులు

రిపోర్టు తెరిస్తే ప్రతి అప్పు కింద నెలకొకటి చొప్పున 36 నెలల గడులుంటాయి. సమయానికి కట్టిన నెలలో మూడు సున్నాలు. ఆలస్యమైతే ఎన్ని రోజులు దాటిందో ఆ అంకె. స్కోరులో అన్నిటికంటే బరువు ఈ గడులకే. 90 రోజులు దాటితే బ్యాంకు భాషలో అది నిరర్థక ఆస్తి, అంటే ఎన్‌పీఏ. అక్కడి దాకా పోయిన ఖాతా మచ్చ చాలాకాలం ఉంటుంది. చట్టం ప్రకారం ఈ సమాచారాన్ని కనీసం ఏడేళ్లు ఉంచాలి.

చాలామంది ఇరుక్కునే చోటు ఇది కాదు. మార్చి 5న కట్టాల్సిన వాయిదా ఒకటి తప్పిందనుకుందాం. ఏప్రిల్ నుంచి మళ్లీ ప్రతి 5వ తేదీకీ ఠంచనుగా ఒక్కో వాయిదా కడుతున్నారు. ‘ఒక్క నెలేగా తప్పింది’ అని మీ ధీమా. బ్యాంకు లెక్క వేరు. మీరు ఏప్రిల్‌లో కట్టిన డబ్బు ముందు మార్చి బాకీకి జమవుతుంది. దాంతో ఏప్రిల్ వాయిదా బాకీగా నిలబడుతుంది, ఆ నెలాఖరుకు దాని వయసు 25 రోజులు. మేలో కట్టింది ఏప్రిల్‌కు పోతుంది, మే నెలది మిగులుతుంది, నెలాఖరుకు 26 రోజులు. ఇలా ఏడాది గడిచినా దాదాపు ప్రతి గడిలోనూ పాతిక, ఇరవై ఆరు అంకెలే. నెలనెలా క్రమంగా కడుతున్న మనిషి రికార్డు నెలనెలా ఆలస్యం చేసే మనిషిలా తయారవుతుంది. మందు తేలికైనదే: ఏదో ఒక నెలలో రెండు వాయిదాలు, మీద పడ్డ ఛార్జీలతో సహా ఒకేసారి కట్టేసి ఖాతాను గడువు దాటని స్థితికి తేవాలి. ఆ నెలాఖరు గడి నుంచే సున్నాలు మొదలవుతాయి. స్కోరు పెరగడం లేదని బాధపడేవాళ్లు మొదట వెతకాల్సింది ఇదే.

జీతం 7న పడుతుంటే వాయిదా 5న కోసుకునేలా పెట్టుకుని ప్రతి నెలా చెక్కు బౌన్సులాంటి ఛార్జీలు కట్టేవాళ్లూ ఉన్నారు. తేదీ మార్చమని బ్యాంకుకు దరఖాస్తు పెట్టాలి. క్రెడిట్ కార్డు విషయంలో మూడు రోజుల వెసులుబాటు ఉంది. గడువు దాటి మూడు రోజులకు మించితేనే బకాయిగా బ్యూరోకు చెప్పాలని రిజర్వ్ బ్యాంకు నియమం. మినిమం డ్యూ మాత్రమే కడుతూ పోతే గడులు శుభ్రంగానే ఉంటాయి. కానీ నెలకు 3 శాతం పైబడిన వడ్డీ మిగతా బాకీ మీద పెరుగుతూ, కింద చెప్పబోయే రెండో దెబ్బ కొడుతుంది.

కార్డు నిండుగా ఉంటే

లక్ష రూపాయల పరిమితి ఉన్న కార్డు మీద 80,000 వాడితే అది 80 శాతం వాడకం. దాచుకున్నదంతా అయిపోయి అప్పు మీద నడిచే ఇళ్లలో కార్డులు ఇలాగే అంచుల దాకా నిండుతాయి. సూత్రం నేర్చుకున్నది అదే, కాబట్టి ఆ అంకె పెరిగితే స్కోరు తగ్గుతుంది. వాడకం 30 శాతం లోపు ఉంచుకోమనే మాట అనుభవం మీద వచ్చిన సలహా, చట్టం కాదు.

‘నేను ప్రతి నెలా బిల్లు మొత్తం కట్టేస్తాను కదా, అయినా ఎక్కువ వాడకం ఎందుకు చూపిస్తోంది’ అంటే, బ్యూరోకు చేరేది ఏదో ఒక రోజున ఉన్న బాకీ. 2025 జనవరి 1 నుంచి బ్యాంకులు నెలకు కనీసం రెండుసార్లు, అందులో నెలాఖరున ఒకసారి, లెక్క పంపాలి. ఆ రోజుకు మీ కార్డు మీద 80,000 ఉంటే అదే కనిపిస్తుంది, వారం తర్వాత మీరు కట్టేసినా సరే. ఇంటి లోనుకు దరఖాస్తు పెట్టబోతున్నవారు రెండు మూడు నెలల ముందు నుంచి బిల్లు గడువు దాకా ఆగకుండా, లెక్క పంపే రోజు లోపే పెద్ద మొత్తం కట్టేస్తే ఈ చిక్కు పోతుంది.

పాత కార్డు మూసేస్తే మంచిదనుకునేవారు ఒకసారి లెక్క వేసుకోండి. లక్ష చొప్పున రెండు కార్డులు, వాడకం మొత్తం 50,000. పాతిక శాతం. ఒకటి మూస్తే అదే ఖర్చు 50 శాతమవుతుంది. పైగా ఎన్నేళ్లుగా అప్పు నడిపిస్తున్నారన్నదీ లెక్కలోకి వస్తుంది కాబట్టి, వార్షిక రుసుము లేని పాత కార్డును ఉండనివ్వడమే మేలు.

ఇంటర్నెట్‌లో తిరిగే ‘35 శాతం చెల్లింపులు, 30 శాతం వాడకం’ లాంటి పట్టిక అమెరికాలోని ఫైకో సంస్థ ప్రకటించినది. మన సంస్థలు అచ్చంగా ఆ పాళ్లే వాడతాయనుకోకూడదు.

ఇతరుల అప్పు మీ గడిలో

తెలుగు ఇళ్లలో షూరిటీ సంతకం మొహమాటం మీద నడుస్తుంది. బావమరిది అడిగాడని, తోటి ఉద్యోగి బతిమాలాడని పెట్టేస్తాం. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే మాట లేకపోతే, షూరిటీ బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. ఆయన వాయిదా తప్పితే మీ రిపోర్టులోనూ పడుతుంది. వద్దని చెప్పలేని చోట, ఆ అప్పు కిస్తీలు కడుతున్నారో లేదో నెలకోసారి అడిగే హక్కు మీకుందని మరిచిపోకండి.

విద్యా రుణం ఇంకా సున్నితమైనది. పిల్లలు అమెరికా, బ్రిటన్ వెళ్లడానికి తండ్రో తల్లో సహ రుణగ్రహీతగా సంతకం పెడతారు. చదువు అయ్యాక ఉద్యోగం ఆలస్యమై వాయిదాలు ఆగితే అక్కడి పిల్లవాడి అమెరికా స్కోరుకు ఏమీ కాదు, ఆ దేశపు రికార్డు వేరు. దెబ్బ పడేది ఇక్కడ ఉన్న తండ్రికి. ఆ సంగతి ఆయనకు తెలిసేది కూతురి పెళ్లికి లోను అడిగినప్పుడు. అలాంటి కాలంలో దాచుకోకుండా బ్యాంకుతో మాట్లాడి వాయిదాల పద్ధతి మార్పించుకోవడం ఎంతో నయం.

పంట రుణాల్లోనూ ఇలాంటి ఉచ్చు ఉంది. మాఫీ ప్రకటన వినగానే వాయిదా ఆపేసిన రైతు, డబ్బు ఖాతాలో పడేదాకా గడువు దాటిన బాకీదారే. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో మాఫీ విడతల వారీగా నడిచింది. అలాంటి ఎదురుచూపుల్లో రికార్డు చెడితే మరుసటి పంటకు అప్పు దొరకని కష్టం రైతుదే, ప్రకటించినవారిది కాదు.

సెటిల్‌మెంట్ అనే తీపి మాట

లక్షా ఇరవై వేల బాకీకి డెబ్బై వేలు కట్టి సరిపెట్టుకోమని వసూలు ఏజెంటు ఫోన్ చేస్తాడు. అప్పు తీరినట్టే ఉంటుంది. రిపోర్టులో మాత్రం ఆ ఖాతా ‘క్లోజ్డ్’ అని కాక ‘సెటిల్డ్’ అని పడుతుంది. అంటే బ్యాంకు నష్టపోయి వదులుకుంది అని. వేరే దారి లేనివారు ఒప్పుకోవడంలో తప్పు లేదు, ప్రాణం ముఖ్యం. తర్వాత చేతిలో డబ్బు ఆడినప్పుడు మిగిలింది కట్టి, బకాయి లేదన్న పత్రం తీసుకుని, ఖాతాను ‘క్లోజ్డ్’గా మార్పించుకోవచ్చు. ‘మేం పాత ఎంట్రీలు తుడిచేస్తాం’ అని డబ్బు అడిగేవారి మాట నమ్మవద్దు. నిజమైన సమాచారాన్ని ఎవరూ తుడవలేరు. తప్పు సమాచారాన్ని సరిచేయించుకోవడం ఉచితం.

ఇక ఎంక్వైరీలు. లోను కోసం వారంలో ఆరు చోట్ల దరఖాస్తు పెడితే ఆరుసార్లు మీ రిపోర్టు తీస్తారు, ఆ ఆత్రం లెక్కలోకి వస్తుంది. మీ రిపోర్టు మీరే చూసుకుంటే స్కోరు తగ్గదు. ఫోన్ యాప్‌లో రెండు వేల రూపాయలకు ‘ఇప్పుడు కొను, తర్వాత కట్టు’ నొక్కడం కూడా చాలా సందర్భాల్లో ఒక లోనుగా నమోదవుతుంది.

మొదట అడిగిన పెద్దాయన మాటేమిటి?

ఆయన రిపోర్టులో అంకె స్థానంలో మైనస్ ఒకటి గానీ, చరిత్ర లేదన్న మాట గానీ ఉంటుంది. అది చెడ్డ స్కోరు కాదు. మొదటిసారి అప్పు అడిగేవారిని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించవద్దని రిజర్వ్ బ్యాంకు చెప్పింది, కాబట్టి ఆయన ఆ మాట బ్యాంకులో గట్టిగానే అనొచ్చు. చరిత్ర తయారు చేసుకోవాలంటే ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు సులువైన దారి. దాని మీద నెలకు పాలకో పెట్రోలుకో కొంచెం వాడి మొత్తం కట్టేస్తూ పోతే కొన్ని నెలల్లో అంకె పుడుతుంది. అమెరికా వెళ్లిన మన విద్యార్థులు అక్కడ డిపాజిట్ కట్టి తీసుకునే కార్డుతో చేసే పని ఇదే.

ఇంత శ్రమ ఎందుకంటే, కొన్ని బ్యాంకులు ఇంటి లోను వడ్డీని స్కోరుకు ముడిపెడుతున్నాయి. 30 లక్షల అప్పు 20 ఏళ్లకు తీసుకుంటే 8.5 శాతం దగ్గర నెల వాయిదా దాదాపు 26,035 రూపాయలు, 9 శాతం దగ్గర 26,992. అర శాతం తేడాకు మొత్తం మీద సుమారు 2 లక్షల 30 వేలు.

ఆ రిపోర్టు నిజంగా మీదేనా?

బ్యూరోకు కోట్ల రికార్డులు వస్తాయి. ఏ అప్పు ఏ మనిషిదో పేరు, పుట్టిన తేదీ, పాన్, ఫోన్ నంబరు, చిరునామా పోల్చి యంత్రమే కలుపుతుంది. మన పేర్లు దానికి పరీక్ష పెడతాయి. ఒక కార్డులో ఇంటిపేరు ముందు, ఇంకో కార్డులో వెనక. ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి పేరు. ఒక్క మండలంలోనే వెంకటేశ్వరరావులు ఎందరో! ఫలితంగా ఎవరి బాకీయో మీ కింద చేరవచ్చు, మీరు తీర్చిన అప్పు ఇంకా నడుస్తున్నట్టు ఉండవచ్చు, మీ పాన్‌తో ఎవరో తీసుకున్న యాప్ లోను బయటపడవచ్చు.

నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, 2017 నుంచి ఇది నియమం. మూడు నెలలకు ఒక సంస్థ చొప్పున తీసుకుంటే ఏడాది పొడవునా కాపలా ఉన్నట్టే. చూడాల్సింది స్కోరు కన్నా ముందు మీ పేరు మీద ఉన్న ఖాతాల జాబితా, తర్వాత గడులు, ఆఖరున ఎంక్వైరీలు.

తప్పు దొరికితే ఆ బ్యూరో వెబ్‌సైటులోనే ఫిర్యాదు వేయాలి, అప్పిచ్చిన బ్యాంకుకూ రాయాలి. సరిచేయడానికి 30 రోజుల గడువు. అందులో మొదటి 21 రోజుల్లోగా బ్యాంకు తన జవాబును బ్యూరోకు పంపాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిర్ణయించింది, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పటికీ కదలకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. వివరాలకు 14448 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఫిర్యాదు నంబరు, వేసిన తేదీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ముప్పై రోజుల లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది.